పదకొండో నంబరు

కౌసర్‌ని రేపల్లె పంపేటప్పుడు పాండురంగారావు గారు చెప్పింది ఒక్కటే మాట: "అక్కర్లేని పేరు ఒక్కటి కూడా మిగలకూడదమ్మా."

ఆయన అంతగా బెదరడానికి కారణం లేకపోలేదు. తెనాలి బోసు రోడ్డులో ఆయనకి కంప్యూటర్ల షాపు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఆసుపత్రులకీ కాలేజీలకీ లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్లు పెట్టి, వాటి బాగోగులు చూస్తుంటారు. ఆ ఏడు, అంటే రెండువేల ఐదు వేసవిలో, బాపట్లలో ఒక కాలేజీ సర్వర్లోకి ఇంటర్నెట్ దారిన ఎవడో బయటివాడు దూరాడు. ఏ పేరుతో దూరాడా అని చూస్తే 'గేమ్స్' అన్న పేరుతో. ఆ పేరుగల మనిషి కాలేజీలో లేడు, ఎప్పుడూ లేడు. లినక్స్ ఎక్కించగానే దాంతోపాటే వచ్చే పేర్లు కొన్ని ఉంటాయి. ఉత్తరాలు చేరవేసే పనికి ఒక పేరు, ప్రింటరు పనికి ఒకటి, ఆటలకి ఒకటి. మనుషులు కారు, పనులకి పెట్టిన పేర్లు. ఒక్కోదానికి ఒక నంబరు, ఒక గుంపు. వాటికి పాస్‌వర్డ్ ఉండదు, లోపలికొచ్చే దారీ ఉండదు. బాపట్లలో ఎవరో సరదాకి ఆ ఆటల పేరుకి పాస్‌వర్డ్ పెట్టి మర్చిపోయారు. ఆ పుణ్యాన పరీక్ష మార్కులన్నీ గంగపాలయ్యాయి.

ఇప్పుడు రేపల్లెలో డాక్టరు కృపారాణి గారి ప్రసూతి ఆసుపత్రి సర్వర్‌కి ఇంటర్నెట్ పెడతామంటున్నారు. పెట్టేలోపు ఇల్లు సర్దాలి. ఆ పని కౌసర్‌కి పడింది.

కౌసర్‌కి ఇరవయ్యారేళ్ళు. బాపట్లలో డిప్లొమా చదివింది. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. ఏ ముక్క దేనికుందో తెలియకుండా విప్పి పారేయకూడదని ఆయన దగ్గరే నేర్చుకుంది. రేపల్లె ఆమెకి కొత్త ఊరేం కాదు, అక్క తబస్సుమ్‌ని అక్కడే ఇచ్చారు. అయినా పోయినేడాది నుంచి ఆ ఊరి రైలెక్కాలంటే కౌసర్‌కి కాళ్ళాడేవి కావు. పోయిన నవంబరులో తబస్సుమ్ తొలి కాన్పు ఇదే ఆసుపత్రిలో అయింది. మగపిల్లాడు. పుట్టేసరికే ప్రాణం లేదు. బావ అన్సార్ బిడ్డని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి మట్టిలో పెట్టొచ్చాడు. తల్లికి మొహం చూపించలేదు. చూస్తే మర్చిపోలేదని పెద్దవాళ్ళన్నారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆ మాటెవరూ ఎత్తలేదు. తబస్సుమ్ అయితే మాట్లాడడమే తగ్గించేసింది.

సెప్టెంబరులో ఒక బుధవారం పొద్దున పాసింజరు దిగి, కౌసర్ ఆసుపత్రికి వచ్చింది. స్టేషన్‌కి అట్టే దూరం లేదు. రైసు మిల్లు పక్క సందులో రెండంతస్తుల పాత మేడ. మేనేజరు ఎజ్రా గారు ఆమెని కింద మందుల గది పక్కనున్న చిన్నగదిలోకి తీసుకెళ్ళి సర్వర్ చూపించాడు. ఆమె పేర్ల జాబితా ప్రింటు తీసి ఇస్తే కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"ఇంతమంది ఎవరండీ? ఆయాలతో కలిపి మా స్టాఫు పద్నాలుగు మందేగా."

"వీళ్ళు మనుషులు కారండి. మిషన్‌తో వచ్చిన పేర్లు."

"అంటే మనుషులు కానివాళ్ళు ఓ ఇరవై మంది మా ఆసుపత్రిలో ఉన్నారన్నమాట," అని నవ్వబోయాడు. నవ్వు ఎందుకో మధ్యలోనే ఆగిపోయింది.

కౌసర్ ఒక్కో పేరూ తీసుకుంది. 'న్యూస్' ఎవరికీ అక్కర్లేదు, తీసేసింది. 'గోఫర్' అంతే. 'గేమ్స్' అంతే. పేరుతోపాటు దాని గుంపునీ తీసేసింది. తీసే ముందు ప్రతిసారీ ఆ నంబరు మీద ఏమేం ఫైళ్ళున్నాయో వెతికేది. ఎందుకంటే పేరు చెరిపేసినా ఆ పేరు మీదున్నవి పోవు. యజమాని పేరుండాల్సిన చోట ఉత్తి నంబరు మిగులుతుంది. రేపు ఎవరికైనా కొత్తగా అదే నంబరు పడితే, పోయినవాడి సొమ్మంతా అడక్కుండానే ఆ కొత్తవాడిదైపోతుంది.

పదకొండో నంబరు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పేరు 'ఆపరేటర్'. మామూలుగా ఏ సర్వర్లోనైనా అది తలుపు మూసే ఉంటుంది. ఇక్కడ తీసి ఉంది. పాస్‌వర్డ్ ఉంది. పైగా ఆ పేరు పుట్టుకతోనే 'రూట్' గుంపులో ఉంటుంది, అంటే మిషన్ యజమాని గుంపులో. బాపట్లలో జరిగినదానికంటే ఇది పెద్ద ప్రమాదం.

ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో సర్వర్ రాసి పెట్టుకుంటుంది. ఆ చిట్టా తీసింది. ఆపరేటర్ ఈ రోజు పొద్దున వచ్చాడు, ఐదూ యాభైకి. నాలుగు నిమిషాలున్నాడు. నిన్నా వచ్చాడు, ఐదూ యాభై ఒకటికి. మొన్నా వచ్చాడు. వెనక్కి జరుపుతూ పోయింది. ఆదివారమని లేదు, పండగని లేదు. ప్రతిరోజూ అదే వేళకి, మేడ మీది గదికి వెళ్ళే అదే వైరు మీద.

"ఆపరేటర్ అని ఎవరు వాడుతున్నారండీ?"

ఎజ్రా గారు చేతిలోని జాబితా బల్ల మీద పెట్టాడు. "జకరయ్య గారు వాడేవారు. మా కంప్యూటర్ ఆపరేటర్. రెండువేల రెండులో ఈ మిషన్ పెట్టినప్పుడు మీ షాపు నుంచి వచ్చినాయన జాబితా చూపించాడు. అందులో ఆపరేటర్ అని కనిపించేసరికి జకరయ్య గారు మురిసిపోయారు. 'నేను రాకముందే నా పేరు రాసి పెట్టారండీ' అన్నారు. అయితే అదే వాడుకోండని ఆ వచ్చినాయన పాస్‌వర్డ్ పెట్టిచ్చాడు."

"ఆయన్ని ఒకసారి పిలుస్తారా?"

"పోయినేడు జూలైలో పోయారండి. గుండెపోటు. ఆయన పోయాక రాతపని కిందకి మార్చుకున్నాం. ఆయన కూర్చునే పైగది తాళం వేసి ఉంది. తాళంచెవి ఇదిగో, నా దగ్గరే ఉంది."

ఇద్దరూ మేడెక్కారు. గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, గోడవారన పాత రిజిస్టర్లు. బల్ల మీద, కింది సర్వర్‌కి వైరుతో కలిపిన పాతకాలపు టెర్మినల్, నల్లటి తెర మీద పచ్చ అక్షరాలు: పేరు చెప్పమంటూ ఒక్క లాగిన్ మాట, దాని పక్కన కొట్టుకుంటున్న గీత. ఏడాది దాటి మూసి ఉన్న గది అది. కౌసర్ కుర్చీ చేతి మీద వేలుతో రాసి చూసింది. దుమ్ము లేదు. నేల ఊడ్చి ఉంది. ఎజ్రా గారు కూడా నేల వంక చూశాడు. గబగబా కిందకి దిగిపోయాడు.

ఎవరో ఒకరు రోజూ వస్తున్నారన్నది కౌసర్‌కి ధైర్యమే ఇచ్చింది. మనిషైతే పట్టుకోవచ్చు. కిందకొచ్చి, ఆపరేటర్ పేరుకి తాళం పెట్టేసింది. చెరపలేదు. ఆ నంబరు మీద ఏమున్నాయో ముందు చూడాలనుకుంది.

ఒకే ఒక్క ఫైలు ఉంది. దాని పేరు 'పేర్లు'. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవి.

మొదటి వరుసలో రెండువేల రెండు అక్టోబరు తేదీ. నాగేంద్రం, చెరుకుపల్లి. ఆడ. వెన్నెల. తర్వాత వరుసలో ఇంకో తేదీ. సలోమి, అడవులదీవి. మగ. ఏలీయా. నెలకొకటి, రెండు నెలలకొకటి. తేదీ, తల్లి పేరు, ఊరు, ఆడో మగో, చివర ఒక పేరు. ఆసుపత్రి జననాల రిజిస్టరు పక్కన పెట్టుకుని ఆ తేదీలు వెతికింది. ఆ తల్లుల పేర్లు ఉన్నాయి. బిడ్డ ఉండాల్సిన చోట 'మృత శిశువు' అని ఉంది. అలాంటి బిడ్డలకి రిజిస్టర్లో పేరు రాయరు. పేరు రాసేంతసేపు వాళ్ళు ఎవరి దగ్గరా ఉండరు.

జకరయ్య పోయింది జూలైలో. వరుసలు జూలైలో ఆగలేదు. ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో రెండు. కౌసర్‌కి నవంబరు దాకా చదవడానికి చాలా సేపు పట్టింది. చదివాక కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది.

తబస్సుమ్, రేపల్లె. మగ. ఆసిఫ్.

సాయంత్రం ఆరింటికి రాత్రి డ్యూటీ ఆయాలొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ పుష్పలత, జకరయ్య భార్య. యాభై అయిదు దాటి ఉంటాయి. కౌసర్ ఆవిడని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టుకుంది.

"పిన్నీ, పైగది మీరు తీస్తున్నారా?"

ఆవిడ దాచలేదు. "తీస్తున్నానమ్మా. ఆయన దగ్గరుండే రెండో చెవి నా దగ్గరే ఉండిపోయింది. ఇమ్మని ఎవరూ అడగలేదు. తప్పా?"

"తప్పని కాదు. ఆ మిషన్లో మీరే కొడుతున్నారా?"

"నాకు సంతకమే రాదు పాపా. వేలిముద్ర."

"మరి రోజూ వెళ్ళి ఏం చేస్తారు?"

"ఊడుస్తాను. కుర్చీ తుడుస్తాను. రాత్రి ఏ బిడ్డయినా ఊపిరి లేకుండా పుడితే చెప్తాను." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆయనున్నప్పుడూ అదే అలవాటు. నేను డ్యూటీ దిగేవేళకి ఆయన వచ్చేవాడు. ఫలానా ఊరు, ఫలానా తల్లి, ఆడో మగో చెప్పేదాన్ని. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. తర్వాత ఏదో కొట్టుకునేవాడు. ఏం కొట్టేవాడో నేనడగలేదు, ఆయన చెప్పలేదు."

"బిడ్డ పేరు మీరు చెప్పేవారా?"

"అలాంటి బిడ్డలకి పేరేంటమ్మా? ఎవరు పెడతారు?"

కౌసర్ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "పోయిన నవంబరులో తబస్సుమ్ అని, మా అక్క."

"గుర్తుంది. మసీదు వీధి పిల్ల. నోట్లో చున్నీ కుక్కుకుని ఉంది, ఒక్క మాట మాట్లాడలేదు. నీ అక్కా?" పుష్పలత ఆమె మొహంలోకి చూసింది. "ఆ పొద్దున కూడా పైకెళ్ళి చెప్పాను. మసీదు వీధి తబస్సుమ్, మగపిల్లాడు అని. అంతే చెప్పాను."

"ఆయన వింటాడంటారా పిన్నీ?"

"చెప్పడం నా వంతు," అంది పుష్పలత. లోపల ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రికి కౌసర్ తెనాలి వెళ్ళలేదు. అక్క ఇంటికెళ్ళింది. అన్సార్ మిల్లులో ఫిట్టరు, ఇంకా రాలేదు. తబస్సుమ్ రొట్టెలు కాలుస్తోంది. కౌసర్ పక్కన కూర్చుని పిండి ఉండలు చేసిస్తూ, ఎన్నిసార్లో నోటిదాకా వచ్చి ఆగిన మాట చివరికి అడిగేసింది.

"ఆపా, వాడికి ఏం పేరు పెడదామనుకున్నావు?"

తబస్సుమ్ పెనం మీద రొట్టె తిప్పడం మర్చిపోయింది. అది మాడి వాసనొచ్చాక తీసి పక్కన పడేసింది. ఇంకో రొట్టె వెయ్యలేదు.

"ఆసిఫ్," అంది.

"ఎవరికైనా చెప్పావా? బావకి? అమ్మీకి?"

"ఎవరికీ చెప్పలేదు. పుట్టాక చెవిలో అజాన్ వినిపిస్తారు కదా, అప్పుడు చెబుదామనుకున్నాను. అది జరగలేదు. నోట్లోనే ఉండిపోయింది." కొంచెంసేపాగి, "పది నెలలకి నన్నీ మాట అడిగింది నువ్వొక్కదానివే. ఎందుకడిగావు?" అంది.

కౌసర్ చేతిలో పిండి ఉండ పక్కన పెట్టింది. "ఎల్లుండి చెప్తాను ఆపా, నన్ను నమ్ము," అంది. తబస్సుమ్ రెట్టించలేదు.

తెల్లవారి ఐదున్నరకి కౌసర్ ఆసుపత్రి మెట్ల దగ్గరుంది. రాత్రంతా వాన కురిసి అప్పుడే తెరిపిచ్చింది. మిల్లు పొట్టు వాసనా, తడిమట్టి వాసనా కలిసి ముక్కుకి కొడుతున్నాయి. పుష్పలత వచ్చి ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు. ఇద్దరూ పైకెళ్ళారు. ఆవిడ తాళం తీసి, గది ఊడ్చి, కుర్చీ తుడిచి, నేల మీద కూర్చుంది. కౌసర్ పక్కన కూర్చుంది. గదిలో ఉన్నది ఒకే కుర్చీ. దాన్ని ఇద్దరూ ఖాళీగా వదిలేశారని ఆమెకి తర్వాత గానీ తట్టలేదు.

"భట్టిప్రోలు నుంచి వచ్చిన పిల్లండీ," అంది పుష్పలత. గొంతు పెంచలేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే చెప్పింది. "రాహేలు. కూలికెళ్ళే పిల్ల. రాత్రి రెండున్నరకి. ఆడబిడ్డ. ఏడవలేదు."

కౌసర్ చూపంతా తెర మీదే ఉంది. లాగిన్ మాట పక్కన పచ్చగీత కొట్టుకుంటూనే ఉంది. ఒక్క అక్షరం పడలేదు, ఒక్క మీట కదల్లేదు. చేతి గడియారంలో ఐదూ యాభై అయింది, యాభై ఐదు అయింది, ఆరయింది. కౌసర్ లేచింది. ఏదో ఉంది అనుకుంది గానీ ఏమీ లేదు. ఎవరో ఇంకో దారిన వచ్చి ఆటలాడుతున్నారు, అంతే. ఆ దారేదో వెతికితే సరిపోతుంది.

కిందకొచ్చి సర్వర్ చిట్టా తెరిచింది.

ఐదూ యాభై రెండు. ఆపరేటర్ లోపలికి రాబోయాడు, తాళం పడి ఉంది. వరసగా మూడుసార్లు. ఐదూ యాభై నాలుగు, మళ్ళీ మూడుసార్లు. ఐదూ యాభై ఏడు, మూడుసార్లు. ఎక్కణ్ణుంచి అంటే పైగది వైరు నుంచే. తాను ఆ తెర ఎదుట రెప్ప వెయ్యకుండా కూర్చున్న నిమిషాల్లోనే.

మూసిన తలుపు దగ్గర నిలబడి ఎవరో తొమ్మిదిసార్లు కొట్టారు.

కౌసర్ తండ్రికి తగ్గ కూతురు. భయపడితే చేతులు పని వెతుక్కుంటాయి. సర్వర్ వెనక నుంచి ఆ వైరు పట్టుకుని బయల్దేరింది. మందుల గది గోడ మీదుగా, వెంటిలేటర్లోంచి బయటికి, వాన గొట్టం వెంబడి పైకి. మధ్యలో ఎవరైనా ఇంకో వైరు కలిపి ఉంటారని ఆమె ఆశ. ఎజ్రా గారిని బతిమాలి నిచ్చెన వేయించుకుని ఎక్కింది. మొదటి అంతస్తు సన్‌షేడ్ మీద వైరు తెగి ఉంది. ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. రెండు కొసలకీ మధ్య జానెడు ఖాళీ. రాగి పచ్చగా చిలుము పట్టి, గుల్లబారి ఉంది. నిన్నా మొన్నా తెగింది కాదది. కనీసం ఒక వర్షాకాలం ముందు తెగింది. పైగది తెర మీద కనిపించేది ఏనాడో ఆగిపోయిన మాట. ఆ గదికీ ఈ సర్వర్‌కీ మధ్య ఏడాదిగా ఏ సంబంధమూ లేదు.

"తెగిన వైరులో తడికి పిచ్చి సంకేతాలు పుడతాయండి," అని నిచ్చెన మీంచే ఎజ్రా గారికి చెప్పింది. నిజమే, పుడతాయి. చదువుకున్నప్పుడు కళ్ళారా చూసింది కూడా. కానీ తడికి పాస్‌వర్డ్ తెలియదు. తబస్సుమ్ నోట్లో ఉండిపోయిన మాట అసలే తెలియదు.

ఆ మధ్యాహ్నం ఆమె చాలాసేపు సర్వర్ గదిలో ఒక్కతే కూర్చుంది. చెరిపేస్తే ఒక్క నిమిషం పని. పాండురంగారావు గారు చెప్పిందీ అదే. తర్వాత ఆ ఫైలు మీద పదకొండు అన్న అంకె ఒక్కటే మిగులుతుంది, రేపు ఎవరిదో అవుతుంది. ఆమె చెరపలేదు. ఆపరేటర్ని రూట్ గుంపులోంచి బయటికి తీసి, ఒక్కడికే ఒక గుంపు కట్టింది. ఆ ఫైలు తప్ప ఇంకేదీ ముట్టుకోలేనట్టు చేసింది. ఆ ఒక్క వైరు మీద తప్ప, నెట్‌వర్క్ మీదనుంచి ఆ పేరుతో ఎవరూ లోపలికి రాకుండా కట్టడి పెట్టింది. అన్నీ రెండేసిసార్లు చూసుకుని, అప్పుడు తాళం తీసింది. తెగిన వైరుని మాత్రం ముట్టుకోలేదు.

శుక్రవారం పొద్దున ఏడింటికి ఫైలు తెరిచింది. అడుగున కొత్త వరుస ఉంది. రాహేలు, భట్టిప్రోలు. ఆడ. మంజరి.

వార్డులో ఆ భట్టిప్రోలు పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కౌసర్ గుమ్మం దాకా వెళ్ళింది. ఆ పేరు నిజమో కాదో అడిగే హక్కు తనకి లేదనిపించి వెనక్కొచ్చేసింది.

తబస్సుమ్‌ని ఆ రోజే తీసుకొచ్చింది. వద్దంటుందేమో అనుకుంది గానీ, సంగతి విన్నాక తబస్సుమ్ బురఖా వేసుకుని బయల్దేరింది. తెర మీద ఆ వరుస మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది.

"మొదట్లో రెండు 'ఎ'లు," అంది. "నేననుకున్నదీ అలాగే. స్కూల్లో వేసేటప్పుడు అలాగే రాయించాలనుకున్నాను."

అంత సేపూ లేని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. కౌసర్ ఆపలేదు. తలుపు దగ్గరగా వేసి, ఎవరూ రాకుండా బయట నిలబడింది.

డాక్టరు కృపారాణి గారికి చెప్పక తప్పదు. అరవై ఏళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్నావిడ. చిట్టాలూ, తెగిన వైరూ అన్నీ విని, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ఆ ఫైలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా చదివింది. కొన్ని పేర్ల దగ్గర ఆగింది.

"వీళ్ళందర్నీ తీసింది నా చేతులే," అంది చివరికి. "పేరు రాయడానికి మా రిజిస్టర్లో గడి కూడా లేదు. నాకెప్పుడూ తట్టలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంటర్నెట్‌కి వేరే కంప్యూటర్ కొనుక్కుంటానని మీ పాండురంగారావు గారికి చెప్పమ్మా. దీన్ని బయటికి కలపొద్దు." తర్వాత గుమ్మంలో ఉన్న తబస్సుమ్‌ని చూసి, "నువ్వు ఇంటర్ చదివావు కదూ?" అంది.

అలా తబస్సుమ్ ఆ సోమవారం నుంచి ఆసుపత్రి రాతపనికి చేరింది. కౌసర్ ఆమెకి కొత్తగా సొంత పేరు మీద ఖాతా తెరిచింది, కొత్త నంబరుతో. రిజిస్టర్లో కొత్త గడి గీశారు. రాత్రి అలాంటి కాన్పయితే, తబస్సుమ్ పొద్దున వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చునేది. అడగాల్సిన మాట అడిగేది. కొందరు మొహం తిప్పుకునేవారు. కొందరు ఆమె చెయ్యి పట్టుకుని చెప్పేవారు. చెప్తే రాసేది. చెప్పకపోతే గడి ఖాళీగా వదిలేది, మళ్ళీ మర్నాడు వెళ్ళేది.

అక్టోబరు చివర్లో కౌసర్ సర్వర్ చూడ్డానికి మళ్ళీ వచ్చింది. చిట్టా తీసింది. ఆపరేటర్ సెప్టెంబరంతా ఐదూ యాభైకి వస్తూనే ఉన్నాడు. అక్టోబరు మొదటివారంలో నాలుగు రోజులు వచ్చాడు. తర్వాత రాలేదు. తాళం వెయ్యలేదు, ఎవరూ ఆపలేదు. తనంతట తానే మానేశాడు. వచ్చిన ఆఖరి రోజున పావుగంట పైన ఉన్నాడు.

'పేర్లు' ఫైలు తెరిచింది. అడుగున ఒక వరుస ఉంది. తేదీ లేదు, తల్లి పేరు లేదు, ఊరు లేదు.

పుష్పకి మోకాళ్ళ నొప్పి. మెట్లు ఎక్కనివ్వకండి.

డ్యూటీ కోసం వచ్చిన పుష్పలతని పిలిచి, కౌసర్ ఆ వరుస చదివి వినిపించింది. ఆవిడ విని, పక్కనున్న మందుల పెట్టె మీద మెల్లిగా కూర్చుంది. చాలాసేపు తెర వంకే చూసింది, చదవడం రాకపోయినా.

"నొప్పి మొన్న వానలకి మొదలైందమ్మా," అంది. "ఎవరికీ చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు."

మిల్లు సైరను మోగింది. అది ఆగాక పుష్పలత కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి కౌసర్ చేతిలో పెట్టింది.

"ఎక్కనని చెప్పు," అంది.

కౌసర్ ఆ ఫైల్లో, ఆ వరుస కింద, 'ఎక్కదు' అని కొట్టి దాచింది. తర్వాత పదకొండో నంబరుకి తాళం పెట్టింది. ఆ పేరు చెరపలేదు, ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. మర్నాడు పొద్దున ఐదున్నర నుంచి ఆరు దాకా సర్వర్ ముందు కూర్చుని చూసింది. ఎవరూ తలుపు తట్టలేదు.